మూడో తకారం

బూడెన్ ఊళ్ళో మా పత్రిక అచ్చయ్యేది స్టేషన్ వెనక వీధిలో.
కాలమ్ వెడల్పు నాలుగు వేళ్ళు.
మా మాటలేమో గూడ్సు పెట్టెలు,
ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే
చివరి పెట్టె ఇంకా వెనకటి స్టేషన్లోనే ఉంటుంది.

ఎక్కడ తెంపాలో చెప్పేది తూర్డిస్.
ప్రూఫుల గదిలో మధ్యాహ్నానికే దీపం,
చెవి వెనక ఎర్ర పెన్సిలు.
నేను సీసం అక్షరాలు పేర్చే కొత్త కుర్రాణ్ణి.

మొదటి వారమే పరువు తీశాను.
గాజు గిన్నెల దుకాణం ప్రకటనలో
గాజు దగ్గర ఆగాల్సింది,
ఇంకొక్క సకారాన్ని ఈ గట్టునే ఉంచేశాను.
తెల్లారేసరికి ఊరంతటికీ
ఐస్‌క్రీమ్ క్యాబేజీలు, సగం ధరకి.
ఇద్దరు పిల్లలు చిల్లర పట్టుకుని వచ్చారట కూడా.

తూర్డిస్ తిట్టలేదు. కాఫీ నా వైపు జరిపి
"కంటితో తెంపకు" అంది.
"మామూలు మాటైతే ఒక హల్లుని కింది పంక్తికి దింపితే చాలు.
జంట మాటకి అతుకు ఉంటుంది. వేలితో తడిమి చూడు."

తడిమాను, ఆ చలికాలమంతా.

కొన్నిటికి జిగురే అక్కర్లేదు:
అమ్మ పక్కన అమ్మని కూచోబెడితే అమ్మమ్మ.
ఆవిడకీ ఒక అమ్మ కావాలంటే మాత్రం
మధ్యలో సన్నని సకారం ఒకటి దూరుతుంది,
తలుపు మూసుకోకుండా పెట్టిన చెక్కముక్కలా.
ఇక్కడిదాకా ఒక ఇల్లు, అవతల ఇంకో ఇల్లు.

చర్చికి చివర ఆకారం ఉంటుంది.
సమాధుల తోటకి వెళ్ళేటప్పుడు దాన్ని గుమ్మంలో విప్పేసి
ఓకారం తొడుక్కుంటుంది.
ఎందుకని అడిగాను.
"పాత షష్ఠీ విభక్తి. పోయినవాళ్ళ కోటు" అంది తూర్డిస్.
"ఇంకా వెచ్చగానే ఉంటుంది."

పెత్తనం ఎప్పుడూ చివరి మాటదే.
లింగం దానిదే, వచనం దానిదే,
'అదిగో, ఆ' అని చూపించే తోక కూడా దానికే.
రాత్రికి ఒంటరిగా ఉన్నప్పుడు ఒక లింగం ఉంది,
రైలు ముందు నిలబడ్డాక ఎవరూ అడగరు.
ఆ రైలూ మొండిదే,
ఒకటైనా పదైనా తోగ్ తోగే.

నత్త్ అంటే రాత్రి. తోగ్ అంటే రైలు.
అతికితే మూడు తకారాలు వరసగా రావాలి,
రెండే రాస్తాం. నత్తోగ్.
మూడోది ఎటు పోయిందని ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.
కాపురంలో ఎవరు సర్దుకున్నారో
పక్కింటివాళ్ళకేం తెలుస్తుంది?

మార్చిలో తూర్డిస్ భర్త ఆల్గోత్ పోయాడు.
ముప్ఫై ఒక్కేళ్ళు రాత్రి రైల్లో కండక్టరు.
ఆయన ఇంట్లోకి వచ్చే వేళకి ఆవిడ గడప దాటేది,
పొయ్యి మీద కాఫీ మాత్రం ఇద్దరినీ చూసేది.

సంతాప ప్రకటన నేనే పేర్చాను.
ఆయన ఉద్యోగం పేరు పంక్తిలో పట్టలేదు.
రాత్రి దగ్గర విరిగింది.
విరిగితే ఒక రూలుంది:
దాచుకున్న అక్షరం తిరిగి ఇచ్చెయ్యాలి.
పై పంక్తి చివర రెండు తకారాలు, చిన్న గీత,
కింది పంక్తి మొదట్లో మూడోది.

"పైన ఒక మాట తగ్గిస్తే విరక్కుండా సరిపోతుంది" అన్నాను.
"'ప్రియమైన' తీసెయ్యనా?"
అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆవిడ కాగితాన్ని దీపం కిందికి లాక్కుంది.
ఎర్ర పెన్సిలు తీసి, మళ్ళీ చెవి వెనకే పెట్టేసింది.
ఆ మూడో తకారం మీద వేలుంచి
"ఇన్నాళ్ళూ ఇందులోనే ఉందన్నమాట" అంది.
కాసేపటికి,
"ఉండనీ."

పంక్తి అలాగే అచ్చుకి వెళ్ళింది.
దాని కిందే, వాడిన పడవ ఇంజను అమ్మకానికి.
అందులో మాట కూడా పట్టలేదు.
అతుకు దగ్గరే తెంపాను.